ఉత్పత్తిదారుల కంపెనీ నడపడం, మూడో పాఠం: మిగులు పంపకం

గత పాఠంలో సభ్యుల పుస్తకం రాయడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో, సంవత్సరాంతాన మిగిలిన సొమ్ములో ఎవరికెంత చెందుతుందో లెక్క కట్టడం నేర్చుకుందాం. సంఘాలు చీలిపోయేది సాధారణంగా ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

మామూలు కంపెనీలో వాటాలను బట్టి ఓట్లూ, వాటాలను బట్టే లాభమూ వస్తాయి. 2002లో కంపెనీల చట్టాన్ని సవరించి తెచ్చిన ఉత్పత్తిదారుల కంపెనీలో, అంటే రైతుల వంటి ఉత్పత్తిదారులే సభ్యులుగా ఉండే కంపెనీలో, సభ్యులందరూ వ్యక్తులే అయితే, ఎన్ని వాటాలున్నా ఒక్కొక్కరికి ఒకే ఓటు. వాటా సొమ్ముపై నియమావళిలో రాసుకున్న పరిమితి మేరకే ప్రతిఫలం. నిల్వ నిధి పక్కన పెట్టాక మిగిలినదాన్ని, ఎవరెంత సరుకు తెచ్చారన్నదాన్ని బట్టి బోనసుగా పంచవచ్చు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ కార్మికులు తమ కొట్టులో పాటించిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే. అక్కడ కొనుగోలు కొలమానం, ఇక్కడ సరుకు.

కోనసీమలో ఒక కొబ్బరి రైతుల కంపెనీని ఊహించండి. చట్టప్రకారం కనీసం 10 మంది ఉత్పత్తిదారులు ఉండాలి. లెక్క తేలికగా ఉండేందుకు ఇద్దరినే తీసుకుందాం. భూస్వామికి రూ.5,000 వాటా ఉంది, ఆయన తెచ్చినవి 2,000 కాయలు. తోటను కౌలుకు చేసే రైతుకు రూ.1,000 వాటా ఉంది, ఆయన దింపు తీయించి, అంటే చెట్ల నుంచి కాయలు కోయించి, రసీదుతో అప్పగించినవి 8,000 కాయలు. మిగులు రూ.12,000.

వాటాలను బట్టి మొత్తం పంచితే భూస్వామికి రూ.10,000, కౌలు రైతుకు రూ.2,000 వస్తాయి. ఇప్పుడు రెండో దారిలో చూడండి. నిల్వ నిధికి రూ.1,400 తీసి, వాటాలపై 10 శాతం చొప్పున రూ.500, రూ.100 ఇస్తే రూ.10,000 మిగులుతుంది. దాన్ని 10,000 కాయలకు పంచితే కాయకు రూపాయి. భూస్వామికి మొత్తం రూ.2,500, కౌలు రైతుకు రూ.8,100 అందుతాయి. సొంత భూమి లేకపోయినా పంట పండించిన వాడికి న్యాయం జరిగేది ఈ దారిలోనే అని నా గట్టి నమ్మకం.

అయితే ఈ లెక్కంతా రసీదు పుస్తకం మీదే నిలబడుతుంది. రాశి దగ్గర కాయలు లెక్కపెట్టిన వెంటనే తేదీ, సంఖ్య, పుచ్చిపోయాయని తీసేసిన కాయల సంఖ్య రాసి, రైతు సంతకం తీసుకుని, నకలు ఆయన చేతికివ్వాలి. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాసే అలవాటు అసలు వద్దు.

అభ్యాసం: పై లెక్కలోనే నిల్వ నిధికి రూ.3,400 తీస్తే కాయకు ఎంత బోనసు వస్తుంది, ఇద్దరికీ మొత్తం ఎంతెంత అందుతుంది? కాగితం మీద వేసి దగ్గర ఉంచుకోండి, నాలుగో పాఠం ఆ అంకెలతోనే మొదలవుతుంది.