చలికాలంలో వలస బాతుల్ని, రాత్రిపూట తిరిగే సీతాకోకల్లాంటి మాత్‌లను చూడటం ఎలా?

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వరంగల్ చుట్టుపక్కల చెరువుల్లో వలస బాతులు దిగుతాయి. ఒక్కరోజులోనే పాకాల, లక్నవరం, రామప్ప అన్నీ చుట్టేద్దామనుకుంటే ఏదీ సరిగ్గా చూడలేరు. ఒక్క చెరువే ఎంచుకోండి. మొదటిసారికైతే పాకాల అంటాను. కాకతీయుల నాటి ఈ చెరువు చుట్టూ అభయారణ్యం ఉంది కాబట్టి నీటి పిట్టలు, అడవి పిట్టలు ఒకేచోట కనిపిస్తాయి.

తెల్లవారేసరికి కట్ట మీద ఉండండి. మెరిసే రంగుల బట్టలు వద్దు. బైనాక్యులర్ కొనేటట్టయితే 8×42 (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మి.మీ.) చాలు. ఎండ మీ వీపు మీద పడేలా నిలబడండి, ఎదురెండలో బాతులన్నీ నల్లగానే ఉంటాయి.

ముందు తల, తర్వాత తోక చూడండి. మగ సూదితోక బాతుకు చాక్లెట్ రంగు తల, మెడ పక్క నుంచి పైకి పాకిన తెల్లటి చార, వెనక సన్నగా పొడుచుకొచ్చిన తోక ఉంటాయి. ఒళ్లంతా నల్లగా ఉండి ముక్కు, నుదురు తెల్లగా ఉంటే అది బొల్లికోడి, బాతు కాదు. మెడ మాత్రమే నీటిపైన కనిపిస్తే నీటికాకి కావచ్చు. చెరువు నీళ్లు పొర్లే మత్తడి దగ్గర, నీళ్లు తగ్గి బయటపడ్డ శికం బురదలో తోక ఆడిస్తూ పరుగెత్తే చిన్న పిట్టల్నీ వదలొద్దు. వాటిలో చాలావరకు ఉత్తరాన ఉన్న చలి ప్రాంతాల నుంచి వచ్చినవే.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ బాతులు ఎక్కువగా రాత్రిపూట మేసి, పగలు నీటి మీద నిద్రపోతాయి. ఫోటో కోసం దగ్గరికి వెళ్లి లేపితే వాటి నిద్ర చెడగొట్టినట్టే. తలలన్నీ ఒక్కసారిగా లేచాయంటే ఆగిపోండి, నెమ్మదిగా వెనక్కి రండి. డ్రోన్ అసలే వద్దు.

మాత్‌ల కోసం రాత్రి అభయారణ్యంలోకి వెళ్లకండి. పొలం పక్కనున్న ఇంటి దగ్గర తెల్ల పంచెను తెరలా కట్టి, దాని ముందు ఒక బల్బు వేలాడదీస్తే సరిపోతుంది. అమావాస్య దగ్గరి రాత్రి, గాలి లేకుండా మబ్బు పట్టి ఉంటే మంచిది. వానాకాలమంత రావు, వచ్చినవాటిని తీరిగ్గా చూడొచ్చు. దగ్గర్లో నువ్వు చేను ఉంటే వీపు మీద పుర్రె గుర్తున్న పెద్ద మాత్ రావచ్చు, ముట్టుకుంటే కీచుమంటుంది. మహదేవపూర్, చెన్నూరు వైపు వెళ్తే నల్లమద్ది కొమ్మలు చూడండి. దసలి (టసర్) పట్టు మాత్ గూడు గట్టి తొడిమతో కొమ్మకు వేలాడుతుంటుంది. లోపలి ప్యూపా (మాత్‌గా మారబోయే పురుగు) వేసవి దాటేదాకా అలాగే ఉండిపోతుంది, గూడు తెంపకండి.

పడుకునే ముందు లైటు ఆర్పి, పంచె మెల్లగా దులిపి తీసేయండి. తెల్లారేదాకా ఉంచితే పసులపోలిగాళ్లు, పికిలి పిట్టలు వచ్చి మాత్‌లను ఏరుకుతింటాయి.

పిట్టల వివరాలు ఈబర్డ్‌లో, మాత్‌ల ఫోటోలు ఐనాచురలిస్ట్‌లో పెట్టండి, ఇవి రెండూ ఎవరైనా తాము చూసినవాటిని నమోదు చేసే వెబ్‌సైట్లు. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, తేదీ, చోటు, సంఖ్య సరిగ్గా ఉండాలి. ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో నీటి పక్షుల లెక్కింపు జరుగుతుంది, ఆ రోజుల్లో మీ ఊరి చెరువుకు కూడా ఒకసారి వెళ్లి లెక్కపెట్టి రండి.