ఇంట్లో హై-ఫై స్పీకర్లు: మూసిన పెట్టెతో మొదలుపెట్టండి

సొంతంగా స్పీకర్లు తయారుచేసుకోవాలనుకునే వారిలో చాలామంది ముందు పెట్టె చేయించి, ఆ తరువాత అందులో పట్టే వూఫర్ (బాస్ పలికించే పెద్ద స్పీకర్) కోసం వెతుకుతారు. ఈ వరుస తలకిందులు. పెట్టె కొలత వూఫర్‌ను బట్టి తేలాలి కనుక, డేటాషీట్ లేని వూఫర్‌ను ఎంత చవగ్గా దొరికినా కొనకండి. ఆ షీటులో మనకు కావలసినవి మూడు అంకెలు: ఎఫ్ఎస్ (వూఫర్ సహజంగా కంపించే పౌనఃపున్యం), క్యూటీఎస్ (ఆ కంపనం ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె), వీఏఎస్ (వూఫర్ బిగువుకు సమానమైన గాలి పరిమాణం). 1961లో నెవిల్ థీల్, 1970లలో రిచర్డ్ స్మాల్ చేసిన కృషి వల్లనే వీటితో పెట్టె తీరును కాగితం మీదే లెక్కగట్టగలుగుతున్నాం.

పోర్టు (గాలి బయటికి వచ్చే గొట్టం) ఉన్న పెట్టెలో బాస్ మరింత లోతుకు దిగే మాట నిజమే గానీ, కొలత తప్పితే అది గుమ్మని మోగి పాటను మింగేస్తుంది. మూసిన పెట్టె చిన్న తేడాలను ఓర్చుకుంటుంది, అందుకే మొదటి ప్రయత్నానికి అదే మేలు.

మూసిన పెట్టెలో బాస్ ఉబ్బకుండా సమంగా రావడానికి లక్ష్యంగా పెట్టుకునే 0.707ను క్యూటీఎస్‌తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, అందులోంచి ఒకటి తీసివేయండి. మిగిలినదానితో వీఏఎస్‌ను భాగిస్తే పెట్టె లోపలి పరిమాణం లీటర్లలో వస్తుంది. ఎఫ్ఎస్ 40 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.4, వీఏఎస్ 20 లీటర్లు ఉన్న ఆరున్నర అంగుళాల వూఫర్‌కు ఇది సుమారు 9.4 లీటర్లు. వూఫర్ అయస్కాంతం, క్రాసోవర్ (బాస్‌ను వూఫర్‌కు, సన్నని స్వరాలను ట్వీటర్ అనే చిన్న స్పీకర్‌కు పంచే సర్క్యూట్) ఆక్రమించే చోటుకు మరో లీటరు కలిపితే, లోపల 18 సెంటీమీటర్ల వెడల్పు, 29 ఎత్తు, 20 లోతు సరిపోతాయి. బాస్ 71 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తగ్గుతుంది. చిన్న గదిలో, గోడకు దగ్గరగా పెట్టుకుంటే ఇది చాలు.

పలకలకు 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ వాడి, కోతలు ప్లైవుడ్ దుకాణంలో మిషన్ మీదే చేయించండి. ఎండీఎఫ్ అంచులు జిగురును పీల్చేస్తాయి కనుక ముందు పల్చగా ఒక పూత రాసి, కాసేపాగి మళ్లీ రాసి, క్లాంపులతో బిగించాలి. లోపలి మూలలకు సిలికాన్ పట్టిస్తే, దాని వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా వూఫర్ బిగించవద్దు. లోపల పాలిస్టర్ దూదిని వదులుగా నింపండి. అంతా బిగించాక, కోన్‌ను రెండు వైపులా వేళ్లతో సమానంగా, మెల్లగా నొక్కి వదలండి: నింపాదిగా వెనక్కి వస్తే గాలి బిగుతుగా ఉన్నట్టు, టక్కున వస్తే ఎక్కడో లీకు ఉన్నట్టు. చాలాసార్లు అది వెనుక టెర్మినల్ చుట్టూ దొరుకుతుంది.

అసలు కష్టమంతా క్రాసోవర్‌లో ఉంది. బజారులో దొరికే రెడీమేడ్ బోర్డులు స్పీకర్‌ను స్థిరమైన 8 ఓమ్‌లుగా లెక్కవేస్తాయి, కానీ నిజమైన వూఫర్ ఇంపెడెన్స్ (కరెంటుకు అది చూపే అడ్డు) పౌనఃపున్యంతో పాటు మారుతూ ఉంటుంది. కాబట్టి వూఫర్, ట్వీటర్, పెట్టె, క్రాసోవర్ అన్నీ కలిపి కొలిచి ఎవరైనా ప్రచురించిన డిజైన్‌ను మొదటిసారి ఉన్నదున్నట్టు అనుసరించడమే వివేకం. పై లెక్కతో దాని పెట్టెను సరిచూసుకోవచ్చు. బోర్డు మీద ఇండక్టర్లను (తీగ చుట్టలను) దూరదూరంగా, ఒకదానికొకటి లంబంగా అమర్చండి, లేకపోతే ఒకదాని అయస్కాంత క్షేత్రం రెండోదానిలో జోక్యం చేసుకుంటుంది.

వూఫర్ ధ్రువాలు తెలుసుకోవడానికి 1.5 వోల్టుల సెల్‌ను ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కు ప్లస్ తగిలితే కోన్ బయటికి వస్తుంది. ఈ పరీక్ష ట్వీటర్‌కు చేయవద్దు. కెపాసిటర్ లేకుండా దానిని నేరుగా ఆంప్లిఫయర్‌కు కూడా కలపవద్దు, సన్నని కాయిల్ కాలిపోతుంది.