మూడో పట్టా రైలు బొమ్మ కదలడం లేదా? ముందు ఇవి చూడండి

సైన్స్ ఫెయిర్ దగ్గరపడితే చాలు, కావలిలో మా రిపేరు షాపు ముందు పిల్లలు థర్మకోల్ అట్టలు పట్టుకుని నిలబడతారు. మన స్టేషన్‌లో రైళ్ళు పైనున్న తీగ నుంచి 25,000 వోల్టులు తీసుకుంటాయి. బెంగళూరు మెట్రోకి మాత్రం పక్కనున్న మూడో పట్టాలో 750 వోల్టుల డీసీ ఉంటుంది. పెట్టె కింద ఉండే 'షూ' దాన్ని ఒరుసుకుంటూ కరెంటు అందుకుంటుంది. పిల్లలు చేసేది దాని బొమ్మ, మూడో పట్టాగా రేకు టేపు అంటిస్తారు.

బండి అసలు కదలకపోతే చక్రాలు చూడండి. షూ తెచ్చిన కరెంటు మోటారు దాటి, చక్రాల గుండా మామూలు పట్టాల్లోకి దిగి వెనక్కి పోవాలి. నిజం రైల్లోనూ అంతే. మీ చక్రాలేమో ప్లాస్టిక్ సీసా మూతలు, వాటిలోంచి కరెంటు పోదు! ఏటా ఇదే గోల. మామూలు పట్టా మీద కూడా రేకు టేపు వేసి, దాన్ని తాకేలా ఇంకో షూ పెట్టండి. చదరపు 9 వోల్టుల బ్యాటరీ ఈ మోటారుకి చాలదు, నాలుగు పెన్సిల్ సెల్స్ వాడండి.

ప్రతిసారీ ఒకేచోట ఆగుతోందా? ఇక్కడే నేనూ బోల్తాపడ్డాను. ఎనిమిదో తరగతి పాప ఒకతి తెచ్చింది. పట్టా చివర మీటరు పెడితే 6 వోల్టులు నిక్షేపంగా చూపించింది. తప్పు మోటారుదే అనుకుని మార్చి పంపాను. సాయంత్రానికి మళ్ళీ వచ్చింది: "అంకుల్, అక్కడే ఆగిపోతోంది."

తప్పంతా టేపు అతుకుది. అల్యూమినియం టేపు ముక్క మీద ముక్క అంటిస్తే మధ్యలో జిగురుంటుంది, రేకూ రేకూ ఎక్కడో వెంట్రుకంత తాకుతాయి. మీటరుకి ఆ కాస్త చాలు, అది లాగే కరెంటు అంత తక్కువ. మోటారు లాగేసరికి వోల్టేజి అతుకు దగ్గరే పడిపోతుంది. అందుకే బండిని ఆగిన చోటే ఉంచి, స్విచ్ వేసి, అప్పుడు మీటరు పెట్టండి. 6 కాస్తా ఒకటో రెండో అయితే దొంగ దొరికినట్టే. పై ముక్క కొసను జిగురు లోపలికి పోయేలా మడిచి, రేకు మీద రేకు ఆనించి, షూ తగలకుండా అంచున స్టేప్లర్ పిన్ను కొట్టండి. రాగి టేపైతే సోల్డర్ చేయండి, అల్యూమినియానికి మామూలు సోల్డర్ పట్టదు. నిజం లైన్లలోనూ పట్టాల అతుకుల దగ్గర ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి కరెంటు దాటించే తీగలు, అంటే బాండ్ కేబుళ్ళు, వేస్తారు.

ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే షూ వదులైంది, కొంచెం కిందికి వంచండి. మోటారు కాలిపోవడం చాలా అరుదు. బండి వెనక్కి పోతుంటే సెల్స్ నుంచి వచ్చే తీగలు రెండూ అటూ ఇటూ మార్చండి, దానికి షాపుదాకా రానక్కర్లేదు.