గుంత తవ్వే రోజు (బేస్ గిటార్ పికప్ పాఠాలు: 4)

గడచిన మూడు పాఠాల్లో స్క్రూడ్రైవరు, టంకం కడ్డీ, మల్టీమీటర్ తప్ప మరో పనిముట్టు పట్టుకోలేదు మనం. తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌ను విప్పాం, మళ్లీ బిగించాం. వాల్యూమ్ పొటెన్షియోమీటర్ మార్చాం. మల్టీమీటర్‌తో తీగచుట్ట నిరోధం కొలిచాం. నచ్చకపోతే మర్నాడు పాతదే పెట్టుకున్నాం. ఈ పాఠంతో ఆ సౌకర్యం పోతుంది. ఇవాళ చేతికి రూటర్, అంటే చెక్కలో గుంతలు తవ్వే కరెంటు పనిముట్టు, వస్తుంది. పొట్టుగా మారిన చెక్కను మళ్లీ చెక్కగా చేసే మందు ఎవరి దగ్గరా లేదు.

బల్ల మీద ఉన్నది చేత్తో చేసిన నాలుగు తీగల బేస్. తీగ పొడవు 34 అంగుళాలు, అంటే 864 మి.మీ. మెడ చెక్క ఒళ్లంతా సాగి చివరి దాకా వచ్చిన రకం. పైన వాల్‌నట్ పలక, మధ్యలో మేపుల్. అందులో ఫెండర్ కంపెనీ జాజ్ బేస్ తరహా సన్నటి పికప్‌లు రెండు ఉన్నాయి. బ్రిడ్జి (ఒంటి మీద తీగలు ఆనే చోటు) వైపు దాన్ని తీసి, వెడల్పాటి సబ్బుబిళ్ల ఆకారపు హంబకర్, అంటే రెండు తీగచుట్టల పికప్, పెట్టాలి. దీన్ని వాద్యకారులు సోప్‌బార్ అంటారు. ఈ మార్పు తరువాత ఆ బేస్ దాని తయారీదారు చేసిన బేస్ కాదు, మీ బేస్. అమ్మబోతే ధర తగ్గుతుంది, ఆ మాట ముందే అనుకోండి.

"పేరుమోసిన బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ తన బేస్‌ను మార్చలేదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. మార్చాడు. 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్ మెట్లు పీకేసి, గాళ్లు పూడ్చి, పడవలకు పూసే ఎపాక్సీ పూశాడు. మరో బేస్ వాద్యకారుడు బిల్లీ షీహన్ తన ఫెండర్ ప్రెసిషన్ బేస్ మెడ దగ్గర చెక్క తొలిచి గిబ్సన్ ఈబీ-0 హంబకర్ దించాడు, రెండు పికప్‌లకూ వేర్వేరు అవుట్‌పుట్ పెట్టుకున్నాడు. అయితే అవి రెండూ కర్మాగారంలో వరసగా తయారైన సరుకు. ఒకటి పాడైతే అలాంటిదే మరొకటి దొరుకుతుంది. మన బల్ల మీద ఉన్నదానికి తోబుట్టువులు లేవు. మన వీణ కూడా చేత్తో చేసిందే గాని, దాని మెట్లు మైనం మీద కూర్చుంటాయి. మేళం (మెట్ల అమరిక) చెడితే మైనం కరిగించి మళ్లీ కట్టించుకోవచ్చు. ఆ వెసులుబాటు బేస్ ఒంటికి లేదు. అందుకే ఈ పాఠంలో సగానికి పైగా రూటర్ స్విచ్ వేయకముందు చేయాల్సిన పనే.

ముందు చెవితో

కొత్త పికప్ ధ్వని నచ్చుతుందో లేదో తవ్వకుండానే వినవచ్చు. చాలామందికి ఈ ఉపాయం తెలియక నేరుగా రంధ్రం దాకా వెళ్తారు. తీగల కింద ఖాళీ చాలదు కాబట్టి పికప్‌ను తీగల పైన, ముఖం కిందికి ఉండేలా తలకిందులుగా వేలాడదీయండి. తీగలకు అటూ ఇటూ రెండు చెక్క ముక్కలు నిలబెట్టి, వాటి మీద అడ్డంగా ఒక పట్టీ వేసి, పట్టీకి పికప్‌ను రెండువైపులా అంటుకునే టేపుతో అతికించండి. పికప్ ముఖానికీ తీగకూ 3 మి.మీ. ఎడం ఉంటే చాలు. వైర్లను నేరుగా జాక్‌కు కలపండి. అయస్కాంతానికి తీగ పైన ఉందా, కింద ఉందా అన్న పట్టింపు లేదు.

ఒక్క జాగ్రత్త. ఇలా తిరగేసినప్పుడు, మామూలుగా పికప్‌కు దూరమయ్యే క్షణంలో తీగ దగ్గరవుతుంది. సంకేతం తలకిందులవుతుంది. మెడ వైపు పికప్‌తో కలిపి వింటే ధ్వని బోలుగా, ముక్కుతో పాడినట్టు ఉంటుంది. పికప్ బాగాలేదని తిరిగి పంపేయకండి, రెండు వైర్లు అటుదిటు మార్చి మళ్లీ వినండి.

ఈ పరీక్షకు ఒక సాయంత్రం చాలదు. వారం రోజులు పెట్టుకోండి, మీరు ఎప్పుడూ వాయించే పాటలే వాయించండి. పట్టీని బ్రిడ్జి వైపు 5 మి.మీ., మెడ వైపు 5 మి.మీ. జరిపి వినండి. ఏ కంపెనీ పికప్ అన్నదాని కన్నా ఎక్కడ పెట్టామన్నదే ధ్వనిని ఎక్కువగా మారుస్తుందని రెండో రోజుకే తెలుస్తుంది. 1960లలోని జాజ్ బేస్‌కూ 1970లలోని దానికీ బ్రిడ్జి పికప్ స్థానంలో తేడా సుమారు ఒక సెంటీమీటరే. ఆ సెంటీమీటరు మీద వాద్యకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

కారణం పదో తరగతి భౌతికశాస్త్రంలాంటిదే. మోగే తీగలో మూలస్వరంతో పాటు అనుస్వరాలు ఉంటాయి. ఎనిమిదో అనుస్వరం తీగను ఎనిమిది సమభాగాలు చేస్తుంది. ఆ భాగాలు కలిసే చోట తీగ కదలదు, అది అస్పందన స్థానం. 864ను 8తో భాగిస్తే 108. బ్రిడ్జికి 108 మి.మీ. దూరంలో పికప్ మధ్యరేఖ ఉంటే ఖాళీ తీగ మీద ఎనిమిదో అనుస్వరం దానికి దాదాపు వినబడదు. అన్నిటికన్నా లావుపాటి ఇ తీగ 41.2 హెర్ట్జ్ అయితే ఆ లోటు 330 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. మరి అయిదో మెట్టు నొక్కితే? మోగే పొడవు 647 మి.మీ. అవుతుంది. దాన్ని ఆరుతో భాగించండి, మళ్లీ 108! అంటే అదే చోట ఇప్పుడు ఆరో అనుస్వరం మాయమవుతుంది. ప్రతి మెట్టుకూ లోటు మారుతూనే ఉంటుంది. కాబట్టి "ఇదే సరైన స్థానం" అని ఎవరైనా మిల్లీమీటర్లలో చెబితే నమ్మకండి. పైగా హంబకర్‌లో తీగచుట్టలు రెండు. ఒకటి అస్పందన స్థానం మీద ఉన్నా రెండోది ఎంతో కొంత వింటుంది. లెక్క దారి చూపిస్తుంది గాని, తీర్పు మీ చెవిదే.

పాత గుంత మింగుడు పడాలి

స్థానం మీద మనకు పూర్తి స్వేచ్ఛ ఎలాగూ లేదు. కొత్త గుంత పాతదాన్ని పూర్తిగా మింగేయాలి, లేకపోతే పికప్ పక్కన పాత రంధ్రం అంచు బయటపడుతుంది. ఇక్కడ కొలతలు మోసం చేస్తాయి. నాలుగు తీగల బేస్‌కు ఎక్కువగా వాడే సోప్‌బార్, ఈఎంజీ కంపెనీ 35 కొలత, 88.9 మి.మీ. పొడవు, 38.1 మి.మీ. వెడల్పు. చూడటానికి ఎంతో పెద్దది. కాని జాజ్ తరహా బ్రిడ్జి పికప్ పొడవు 94.5 మి.మీ. లావుగా ఉన్నదే పొట్టిగా ఉంది! మధ్యకు సరిగ్గా పెట్టినా రెండు కొసల్లో దాదాపు 3 మి.మీ. చొప్పున పాత గుంత నోరు తెరుచుకునే ఉంటుంది. తవ్వేశాక ఈ సంగతి కనిపెట్టినవాళ్ల ముఖాలు చూడాలి.

అందుకే ఈ మార్పుకు 40 కొలత తీసుకుంటాం. 101.6 మి.మీ. పొడవు, అదే వెడల్పు. కొసలు మూసుకుపోతాయి. ఈ కొలత సాధారణంగా అయిదు తీగల బేస్‌లకు వాడతారు. నాలుగు తీగలకు పనికొస్తుందా అంటే, లోపల విడివిడి ధ్రువాలు కాకుండా నిలువు పట్టీ లాంటి అయస్కాంతం ఉన్న పికప్ అయితే తీగల మధ్య ఎడం ఎంతున్నా ఫర్వాలేదు. విడి ధ్రువాలున్న రకం మాత్రం వద్దు. తీగలు ధ్రువాల మీద కాక సందుల్లో పడతాయి.

ఇక వెడల్పు. ఈ బేస్‌లో పాత గుంత స్క్రూ చెవులతో కలిపి 28 మి.మీ. ఉంది. 38లోంచి 28 తీస్తే మిగిలేది 10. అంటే అటు 5, ఇటు 5. పరీక్షలో పట్టీని 5 మి.మీ.కు మించి జరపమని చెప్పకపోవడానికి కారణం ఇదే. మీ బేస్‌లో లెక్క వేరుగా ఉండవచ్చు. కాలిపర్‌తో కొలవండి, స్కేలుతో కాదు.

లోతు చూడండి. ఈ ఒళ్లు 40 మి.మీ. మందం, గుంత 20. కింద మిగిలేది 20, భయం లేదు. పలచటి ఒళ్లయితే అడుగున కనీసం 12 మి.మీ. మిగలాలన్నది నేను పెట్టుకున్న హద్దు. వైర్లు వెళ్లే సొరంగం ఎటు నుంచి వస్తోందో పాత గుంతలోకి టార్చి వేసి చూడండి. మెడ వైపు పికప్ మార్చే ఆలోచన ఉంటే, ట్రస్ రాడ్ (మెడ లోపలి ఉక్కు కడ్డీ) సరిచేసే కొస అక్కడికి వస్తుందేమో కూడా చూసుకోవాలి. ఉక్కు మీద రూటర్ బిట్ పడితే ఏమవుతుందో రాయనక్కరలేదు.

మధ్యరేఖ

నా తప్పు ఒకటి చెబుతాను. మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఒంటి రెండు అంచుల నుంచీ కొలిచి సగం దగ్గర గీత గీశాను. చేత్తో చేసిన ఒళ్లకు రెండు పక్కలా సమానంగా ఉండాలన్న నియమం లేదు, కొన్ని కావాలనే వంకరగా చేస్తారు. గుంత 3 మి.మీ. పక్కకు పడింది. వినడానికి తేడా లేదు. చూడటానికి మాత్రం పదేళ్లుగా నాకు అదొక్కటే కనబడుతోంది.

కాబట్టి మధ్యరేఖను తీగల నుంచే తీయండి. ఒంటి మీద మాస్కింగ్ టేపు అతికించి, బయటి రెండు తీగల నీడను మూలమట్టంతో కిందికి దించి, పికప్ ప్రాంతంలో మూడు చోట్ల గుర్తు పెట్టండి. ఆ గుర్తుల మధ్య బిందువులు మూడూ ఒకే గీత మీదికి వస్తే అదే మధ్యరేఖ. రాకపోతే మళ్లీ కొలవండి. తీగలు శ్రుతిలో ఉండగానే ఈ పని ముగించాలి, తరువాత వాటిని తీసేయండి. టేపు రాత్రంతా ఉంచకండి. నైట్రోసెల్యులోజ్ లక్కరు, నూనె పూతల మీద టేపు పట్టు పెరిగి పూతను ఊడదీస్తుంది.

అచ్చు, రూటర్

అచ్చుకు 12 మి.మీ. ఎండీఎఫ్ పలక తీసుకోండి. అందులో పికప్ ఆకారం తవ్వి, పికప్‌ను దించి చూడండి. చేత్తో నొక్కితే దిగాలి, వదిలితే జారి పడకూడదు. మూలల గుండ్రదనం చాలామంది మరిచిపోతారు. పికప్ మూలకు బరమా బిట్లు ఒక్కొక్కటిగా ఆనించి ఏది సరిపోతుందో చూడండి, రూటర్ బిట్ వ్యాసం అంతకు మించకూడదు. మించితే మూలల్లో చెక్క మిగిలిపోయి ఉలితో గీక్కోవాలి.

బిట్ పైభాగంలో బేరింగ్ ఉన్న రకం కావాలి. బేరింగ్ అచ్చు అంచున దొర్లుతుంది, కింద పన్ను చెక్కను కోస్తుంది. పన్ను పొడవు 10, 12 మి.మీ. మించకుండా చూసుకోండి. పొడవు ఎక్కువైతే మొదటి కోతలో బేరింగ్ అచ్చుకు పైన గాల్లో తిరుగుతుంది, పన్ను అచ్చునే తినేస్తుంది.

అచ్చును మధ్యరేఖకు సరిపెట్టి రెండువైపుల టేపుతో అతికించి, ఆపైన క్లాంపులు బిగించండి. టేపునో, క్లాంపులనో ఒక్కదాన్నే నమ్మవద్దు. అచ్చు అంచు వెంట పదునైన చాకుతో పూతను గీసి తెంచండి. పాలిస్టర్ పూత గాజులాంటిది, గీత లేకపోతే పెచ్చులుగా లేస్తుంది. చెక్కలో ఎక్కువ భాగాన్ని రూటర్‌కు వదలకుండా ముందుగా నిలువు బరమాతో, అడుగు చదునుగా తవ్వే ఫోర్స్ట్‌నర్ బిట్‌తో తీసేయండి. ఆ బిట్ మధ్య మొన రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు పొడుచుకు ఉంటుంది, లోతు ఆపేటప్పుడు దాన్నీ లెక్కలో వేసుకోండి.

ఇక రూటర్. ఒక్కో కోతకు 3 మి.మీ. లోతు. పైనుంచి చూస్తే బిట్ గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. గుంత లోపలి అంచు వెంట రూటర్‌ను కూడా అదే దిశలో నడపండి, బిట్ చెక్కకు ఎదురు తిరుగుతూ కోస్తుంది కాబట్టి చేయి అదుపులో ఉంటుంది. ఎదురు దిశలో నడిపితే పన్ను చెక్కను పట్టుకుని రూటర్‌ను లాక్కుపోతుంది. వాల్‌నట్ దాటి మేపుల్ తగిలినప్పుడు శబ్దం మారుతుంది, వేగం తగ్గించండి. గుంత లోతు బేరింగ్‌ను దాటాక అచ్చు తీసేయవచ్చు. అప్పటికి తెగిన గోడే అచ్చుగా పనిచేస్తుంది. ఎత్తే ముందు స్విచ్ ఆపి, బిట్ పూర్తిగా ఆగేదాకా ఆగండి. తిరుగుతున్న బిట్‌ను పైకి లాగితే గుంత అంచుకు పడే గాటు అందరికీ కనిపించే చోటే పడుతుంది. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. రోజ్‌వుడ్, వెంగే లాంటి చెక్కల పొడి ఊపిరితిత్తులకు పడదు.

కోత మొత్తం పావుగంట పని.

పికప్‌ను దించి చూసుకోండి. బిగుతుగా ఉంటే గోడలకు గరుకు కాగితం రెండుసార్లు రాయండి, మూడోసారికి ఒకసారి ఆగి చూడండి. చివరి మెట్టు దగ్గర తీగ నొక్కినప్పుడు పికప్‌కూ తీగకూ 2 నుంచి 3 మి.మీ. ఉండేలా అడుగున స్పాంజి ముక్క వేస్తాం. అది వచ్చే పాఠంలో, గుంత గోడలకు రాగి రేకు అతికించాక.

ఈలోగా హోంవర్కు. అసలు బేస్‌ను ముట్టుకోకుండా, అదే మందం ఉన్న టేకు ముక్కలో ఇదే అచ్చుతో మూడు గుంతలు తవ్వండి. మూడోది మొదటిదాని కన్నా శుభ్రంగా రాకపోతే నాలుగోది తవ్వండి.

బేస్ తవ్విన రోజున వచ్చిన వాల్‌నట్ పొట్టును ఊడ్చి పారేయకండి. చిన్న సీసాలో వేసి చీటీ అతికించి దాచండి. అంచున ఎక్కడైనా పెచ్చు లేచి ఉంటే ఆ పొట్టునే జిగురుతో కలిపి పూడుస్తాం. ఆరాక చుట్టూ ఉన్న చెక్క కన్నా కాస్త నల్లగా కనబడుతుంది.