ఆన్‌లైన్ సంగీతం క్లాసులో తాళం తప్పుతోందా? ముందు ఫోన్ సంగతి చూడండి

బెజవాడ సత్యనారాయణపురంలో కూర్చుని చెన్నై గురువుగారి దగ్గర, గుంటూరు బ్రాడీపేట నుంచి హైదరాబాదు టీచర్ దగ్గర పిల్లలు సంగీతం నేర్చుకుంటున్నారు. "మా పాపకు లయ లేదేమోనండీ" అని దిగులుపడే తల్లిదండ్రులు ముందు ఇవి చూసుకోవాలని నా మనవి. చాలాసార్లు లోపం పిల్లలది కాదు.

సమస్య: ఇంట్లో తాళం సరిగ్గా వేస్తుంది, క్లాసులో తప్పుతుంది

కారణం: గొంతు అటు చేరడానికి, అటునుంచి ఇటు రావడానికి పట్టే ఆలస్యం. మాటల్లో అది తెలియదు, పాటలో దాగదు. తాళంలో అక్షరానికి (ఒక్కో లెక్కకు) సెకను చొప్పున సరళీ వరుస (మొదట నేర్పే స్వరాల వరుస) పాడితే మూడో కాలంలో, అంటే నాలుగింతల వేగంలో, ఒక్కో స్వరానికి దక్కేది పావు సెకను. గురువుగారు తాళం వేస్తుంటే పాప పాడిందనుకోండి. రానూపోనూ పావు సెకను ఆలస్యమైతే సరిగ్గా ఒక స్వరం వెనకబడినట్టు ఆయనకు వినిపిస్తుంది. మొదటి కాలంలో పట్టుబడని తేడా మూడో కాలంలో బయటపడేది అందుకే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెడితే ఆలస్యం ఇంకాస్త పెరుగుతుంది.

పరిష్కారం: ఇద్దరూ కలిసి పాడొద్దు. గురువుగారు ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పాడి ఆగాలి. తర్వాత పాప తన తాళం తనే వేసుకుంటూ పాడాలి. చెయ్యి కెమెరాలో కనపడాలి: ఆదితాళంలో దెబ్బ తర్వాత చిటికెనవేలు, ఉంగరపువేలు, మధ్యవేలు, ఆపైన రెండు ద్రుతాలు (ఒక్కోటి ఒక దెబ్బ, ఒక విసురు). ఇయర్‌ఫోన్లు వైరువి వాడండి. అనుమానం తీరకపోతే అదే వరుసను ఇంట్లో ఫోన్‌లో రికార్డు చేసి గురువుగారికి పంపండి. అందులో తాళం నిలిస్తే తప్పు నెట్‌ది. అందులోనూ జారితే సాధన పెంచాలి.

సమస్య: స్వరం మీద నిలిస్తే గొంతు మాయమవుతుంది, తంబురా అసలే వినపడదు

కారణం: ఈ యాప్‌లు మాటల కోసం తయారైనవి. ఒకే తీరుగా మోగే ధ్వనిని ఫ్యాన్ చప్పుడనుకుని తీసేస్తాయి. తంబురా గుణమే అది. నిలకడగా పట్టిన షడ్జమం ('స') కూడా అలాగే కొట్టుకుపోతుంది. బాగా నిలిపిన పిల్లకే ఎక్కువ నష్టం!

పరిష్కారం: జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' అనే సెట్టింగ్ ఉంది. రెండు వైపులా ఆన్ చేయాలి. అప్పుడు నిజం ఫ్యాన్ కూడా వినపడుతుంది. మే నెలలో మన ఊళ్లలో ఫ్యాన్ లేకుండా పిల్లలు కూర్చోలేరు కాబట్టి పొద్దున్నే ఆరింటి క్లాసు అడగండి.

సమస్య: శ్రుతి కలవదు

గురువుగారి శ్రుతి (పాటకు ఆధారమైన 'స' ఎత్తు) ఒకటిన్నర, పాపది ఐదున్నర అయితే ఆయన్ని అనుకరించబోయి గొంతు ఎటూ కాకుండా పోతుంది. పాప శ్రుతిలోనే పాడి చూపించమని అడగడం తప్పు కాదు. శ్రుతిపెట్టె పాప పక్కనే, వేరే ఫోన్‌లో మోగాలి. అటువైపుది ఆపేయాలి. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టండి, రెండో చెవితో తన గొంతు తను వినాలి.

సమస్య: స్వరాలు వస్తున్నాయి, గమకం (స్వరానికిచ్చే ఊపు) రావట్లేదు

తోడి రాగంలో గాంధారానికి ('గ'కు) ఉండే ఊపు నెట్‌లో ముక్కలవుతుంది, కాగితం మీద 'గ' అన్న అక్షరమే మిగులుతుంది. గురువుగారు తన దగ్గరే నెమ్మదిగా పాడి రికార్డు చేసి వాట్సాప్‌లో పంపితే ఆ ఊపు తెగకుండా వస్తుంది. నొటేషన్ దాని తర్వాతే.

సమస్య: అన్నీ సరిచేశాం, అయినా గొంతు బిగుసుకుపోతోంది

నోరు ఎంత తెరుస్తోంది, ఊపిరి ఎక్కడ తీస్తోంది అన్నవి ఫోన్ తెరలో సరిగ్గా తెలియవు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర మంగళంపల్లి బాలమురళీకృష్ణ నేర్చుకున్న బెజవాడలో ఎదురుగా కూర్చోబెట్టుకుని వినే పెద్దలకు లోటు లేదు. నెలకోసారైనా ఒకరి దగ్గర పాడించండి. ఆన్‌లైన్ గురువుగారికి ముందే చెప్పి వెళ్లండి. పాఠాంతరాలు (ఒకే కృతిని ఒక్కో గురువు పాడే తీరు) వేరుగా ఉంటాయి కాబట్టి, అక్కడ గొంతు వరకే దిద్దించుకుని కృతులు మాత్రం ఒక్కరి దగ్గరే నేర్చుకోండి.