తిరుపతిలో ‘పాస్ అవుట్’ అయ్యానని చెప్పకండి

అమెరికాలో దిగిన మొదటి వారం. మా ప్రొఫెసర్ నా చదువు గురించి అడిగితే, 2009లో తిరుపతిలో పాస్ అవుట్ అయ్యానని ఇంగ్లిషులో గర్వంగా చెప్పాను. ఆయన జాలిగా చూసి, “ఎండ దెబ్బా? ఇప్పుడు ఒంట్లో బాగుందా?” అన్నారు. మా ఊరి మే నెల సంగతి ఈయనకెలా తెలిసిందా అనుకున్నాను. నేను చెప్పింది స్పృహ తప్పి పడిపోయానని అర్థమైందని తెలిసేసరికి రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు తిరుపతి, చిత్తూరు నుంచి బయలుదేరే పిల్లలు చూడమని పంపే రెజ్యూమెల్లోనూ ఇదే మాట. పరీక్ష పాసై కాలేజీ నుంచి బయటపడ్డాం కాబట్టి మనకది సబబుగానే తోస్తుంది. కళ్యాణీ డ్యామ్ పోలీసు శిక్షణ కళాశాలలో జరిగేది పాసింగ్ అవుట్ పరేడే కదా! ఆ వాడుక బ్రిటన్‌లోనూ ఉంది, కానీ సైన్యం, పోలీసు శిక్షణల వరకే. మామూలు డిగ్రీకి అక్కడా చెల్లదు.

పక్కన ‘ఫ్రమ్’ చేరితే మరీ ప్రమాదం. ఆకలికో ఎండకో పడిపోయినప్పుడు కారణం ముందు వాళ్లు ఆ మాటే పెడతారు. ‘పాస్డ్ అవుట్ ఫ్రమ్’ అని యూనివర్సిటీ పేరు రాస్తే, ఆ యూనివర్సిటీ ధాటికే మూర్ఛపోయారని చదువుకుంటారు. ‘గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్’ అని రాయండి, చాలు.

క్లాసులో కాగితాలు పాస్ అవుట్ చేయమంటే అందరికీ పంచమని. ‘పాస్ అవే’ మాత్రం వేరు, అది చనిపోవడం. తడబడి కూడా ఈ రెండూ కలపకండి.

ఎవరైనా నిజంగా స్పృహ తప్పి పడిపోతే మాత్రం ‘పాస్ అవుట్’ సరైన మాటే. మనం 108కి చేసినట్టు అమెరికాలో 911కి, బ్రిటన్‌లో 999కి ఫోన్ చేసి అలాగే చెప్పండి. ఊపిరి ఆడుతోందా అని అడుగుతారు, ముందే చూసి ఉంచుకోండి.

ఇంత తెలుసుకున్నాక కూడా ఒకసారి బోల్తా పడ్డాను. రాత్రి తొమ్మిదికే సోఫా మీద పాస్ అవుట్ అయ్యానని ఒక ఉదయం రూమ్మేట్ చెప్పాడు. కంగారుగా నిమ్మకాయ నీళ్లలో ఉప్పు, పంచదార కలిపి తెచ్చాను. అలసిపోయి ఒళ్లు తెలియకుండా నిద్రపోయినా అదే మాట అంటారట. అతను గ్లాసు వంక వింతగా చూసి, ఎందుకని అడగకుండానే తాగేశాడు.