ఆఫీసు కలర్ ప్రింటర్‌లో లోగో రంగు సరిగ్గా రప్పించడం ఎలా?

లెటర్‌హెడ్ మీద కంపెనీ నారింజ రంగు ఇటుక రంగులా దిగినా, బ్రోచర్‌లో నీలం ఊదాగా మారినా చాలామంది ముందు మానిటర్ బ్రైట్‌నెస్ సర్దుతారు. దానివల్ల ప్రింటులో ఏమీ మారదు. రంగు కుదరాల్సింది కాగితం మీద. అందుకే సరిచూసుకోవడం కూడా మీ మెషీన్‌లో, మీరు వాడే కాగితం మీదే జరగాలి. హైదరాబాద్‌లోని గచ్చిబౌలి ఆఫీసులో కుదిరిన రంగు విలువలనే అమీర్‌పేట బ్రాంచికి పంపితే అక్కడ అదే రంగు వస్తుందని చెప్పలేం, రెండు చోట్లా ఒకే మోడల్ మెషీన్ ఉన్నా సరే.

లోగో రంగులను డిజైనర్లు తరచూ స్పాట్ కలర్‌గా ఇస్తారు. స్పాట్ కలర్ అంటే ముందే కలిపి సిద్ధం చేసిన ఇంకు. రంగుల షాపులో షేడ్ నంబరు చెబితే డబ్బాలోనే కలిపి ఇచ్చే పెయింట్ లాంటిది. 1963లో మొదలైన పాంటోన్ పద్ధతిలో ఒక్కో రంగుకు ఒక్కో నంబరో పేరో ఉంటుంది. ఆఫ్‌సెట్ ప్రెస్‌లో ఆ ఇంకుకు విడిగా ఒక ప్లేటు వేస్తారు. ఆఫీసు కాపియర్‌లో ఉండేవి సాధారణంగా నాలుగే టోనర్లు (రంగు పొడులు): సయాన్ (ఆకాశ నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు. వాటి చుక్కలతోనే అన్ని రంగులూ రప్పించాలి. అందుకే కొన్ని రంగులు ఎంత సర్దినా రావు. ఆరెంజ్ 021 లాంటి మండే నారింజ, రిఫ్లెక్స్ బ్లూ, మెరిసే ఆకుపచ్చలు, ఫ్లోరసెంట్ రంగులు, బంగారు, వెండి ఈ కోవలోవి. కుంకుమ ఎరుపు, పసుపు తేలిగ్గానే వస్తాయి. బంతిపువ్వు నారింజ దగ్గరే కష్టం మొదలవుతుంది. మీ రంగు ఏ కోవలోదో ముందే తెలుసుకుని పై అధికారికో కస్టమర్‌కో చెప్పేస్తే తర్వాత టెన్షన్ ఉండదు.

1. గురి పెట్టాల్సిన రంగు చేతిలో ఉండాలి

"మా లోగో నీలం" అంటే సరిపోదు. పాంటోన్ నంబరు, దాని చివర సీ ఉందా యూ ఉందా అన్నది కావాలి. సీ అంటే కోటెడ్, అంటే పూత పూసిన కాగితం, యూ అంటే పూత లేని మామూలు కాగితం. ఇంకు ఒకటే, కానీ కాగితం మారితే కనిపించే రంగు మారుతుంది. మామూలు బాండ్ పేపర్ మీద ప్రింటు తీస్తూ సీ స్వాచ్‌తో (పాంటోన్ గైడులోని రంగు నమూనాతో) పోల్చి బాధపడటంలో అర్థం లేదు. కలర్ బ్రిడ్జ్ అనే గైడులో స్పాట్ రంగు పక్కనే నాలుగు రంగుల్లో అది ఎలా వస్తుందో కూడా అచ్చు వేసి ఉంటుంది. అది చూస్తే రాని రంగు ఏదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. పాత గైడుల్లో రంగులు వెలిసిపోయి ఉంటాయి, కాగితం పసుపెక్కి ఉంటుంది. అలాంటి వాటిని నమ్మకండి.

2. ముందు కాలిబ్రేషన్, తర్వాతే మిగతావి

కాలిబ్రేషన్ అంటే మెషీన్ తన రంగులను తానే సరిచూసుకుని సర్దుకోవడం. మెషీన్ కాసేపు నడిచాక మెనూలో కాలిబ్రేషన్ పేజీ తీయండి. చాలా కాపియర్లలో ఆ పేజీని గాజు మీద పెట్టి స్కాన్ చేయమంటుంది. టోనర్, డ్రమ్ మార్చినప్పుడు మళ్లీ చేయాలి. టోనర్ సేవ్ (టోనర్ తక్కువ వాడే సెట్టింగు) ఆపేయండి. ట్రేలో ఉన్న కాగితం, డ్రైవర్‌లో (కంప్యూటర్ నుంచి ప్రింటు పంపే సాఫ్ట్‌వేర్‌లో) ఎంచుకున్న కాగితం రకం ఒకటే అయి ఉండాలి. దళసరి కాగితం పెట్టి డ్రైవర్‌లో ప్లెయిన్ అని వదిలేస్తే టోనర్ అతుక్కునే తీరు మారి, మెరుపు, రంగు రెండూ మారతాయి. వానాకాలంలో విప్పిన రీమును ట్రేలోనే వదిలేయకుండా కవర్లో చుట్టి పెట్టండి. తేమ పట్టిన కాగితం మీద నిండు రంగు మచ్చలు మచ్చలుగా వస్తుంది.

3. ఫైల్ మెషీన్‌కు ఎలా చేరుతోందో చూడండి

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి, కాబట్టి ఓపిగ్గా చదవండి.

డిజైన్ కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే స్పాట్ రంగును స్పాట్‌గానే ఉంచి పీడీఎఫ్ చేయండి. ప్రింటు పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్ ద్వారా పంపండి. పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ అనేవి కంప్యూటర్ పేజీని ప్రింటర్‌కు వివరించే రెండు భాషలు. మామూలు పీసీఎల్ డ్రైవర్‌లో వెళ్తే ఆ రంగు పేరు మెషీన్ దాకా చేరదు. డ్రైవర్‌లో స్పాట్ కలర్ మ్యాచింగ్ ఆన్‌లో ఉండాలి. అప్పుడు మెషీన్ ఆ పేరును తన పట్టికలో వెతికి, దానికి రాసి ఉన్న టోనర్ పాళ్లు వాడుతుంది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా దొరకదు. ఫైరీ కంట్రోలర్ (ప్రింటు ఫైళ్లను, రంగులను నడిపించే ప్రత్యేక వ్యవస్థ) ఉన్న మెషీన్లలో స్పాట్-ఆన్ అనే చోట ఆ పాళ్లను మనమే మార్చుకోవచ్చు. ఒకసారి మార్చి పెడితే ఆ పేరుతో వచ్చే ప్రతి ఫైలుకూ అదే వర్తిస్తుంది. ఈ సౌకర్యం ఉండి కూడా వాడని ఆఫీసులను చూస్తే నిజంగా బాధగా ఉంటుంది.

మరో మాట. 2022 నవంబరులో ఇలస్ట్రేటర్, ఫొటోషాప్ లాంటి అడోబీ సాఫ్ట్‌వేర్ నుంచి పాంటోన్ లైబ్రరీల్లో (రంగుల జాబితాల్లో) చాలావాటిని తీసేశారు. పాత ఫైలు తెరిస్తే లోగో నల్లగా కనిపించడానికి అది కారణం కావచ్చు.

వర్డ్, పవర్‌పాయింట్ సంగతి వేరు. వాటిలో స్పాట్ రంగు ఉండదు, ఆర్‌జీబీ (తెర మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు) మాత్రమే. దాన్ని టోనర్ పాళ్లుగా మార్చేది ప్రింటర్. పైగా ఫొటోను ఒక రకంగా, అక్షరాలను, గీతలను మరో రకంగా మారుస్తుంది. అందుకే జేపీజీ (ఫొటో రూపంలోని) లోగో ఒక షేడ్‌లో, దాని కింద అదే ఆర్‌జీబీ విలువతో గీసిన పట్టీ ఇంకో షేడ్‌లో వస్తాయి. లోగోను కూడా వెక్టర్ (గీతలతో గీసిన) రూపంలో పెడితే రెండూ కలుస్తాయి.

4. రంగుల గళ్ల పట్టిక తీయండి

ఊహించి మార్చుతూ ఒక్కో ప్రింటు తీయడం కంటే ఇది ఎంతో మేలు. నారింజ అనుకుందాం. మొదటి విలువ మెజెంటా 60 శాతం, పసుపు 100 శాతం. ఐదు నిలువు, ఐదు అడ్డం గళ్లు గీయండి. అడ్డంగా మెజెంటాను 50, 55, 60, 65, 70గా, నిలువుగా పసుపును 80 నుంచి 100 దాకా ఐదేసి చొప్పున మార్చండి. ప్రతి గడి కింద దాని విలువ రాయండి. ప్రింటు తీసి, స్వాచ్‌ను గడికి ఆనించి చూడండి. దగ్గరగా ఉన్న గడిని మధ్యలో పెట్టి, ఈసారి రెండేసి చొప్పున మార్చి ఇంకో పట్టిక తీయండి. అసలు పత్రం వర్డ్‌లో ఉంటే పట్టిక కూడా వర్డ్‌లోనే, ఆర్‌జీబీ విలువలతో చేయాలి.

రంగు చచ్చినట్టు ఉంటే అందులో ఎదురు రంగు కలుస్తోందని అర్థం. నారింజలో సయాన్ కొద్దిగా ఉన్నా మందగిస్తుంది, దాన్ని సున్నా చేయండి. నీలం ఊదాగా ఉంటే మెజెంటా తగ్గించండి. ముదురుగా ఉంటే ముందు నలుపు తీసేయండి.

5. వెలుతురు

ఆఫీసులో ట్యూబ్‌లైటు కింద కుదిరిన రంగు బయటికి తెస్తే తేడాగా కనిపించడం మామూలే. స్వాచ్‌లో ఉన్నది ఇంకు, మీ ప్రింటులో ఉన్నది టోనర్ కాబట్టి ఒక వెలుతురులో కలిసినవి మరో వెలుతురులో విడిపోతాయి. ప్రింటింగ్ రంగంలో వాడే ప్రామాణిక వెలుతురు 5000 కెల్విన్. ఆ లైటు లేకపోతే పగటిపూట, నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర చూడండి. తర్వాత ఆ కాగితాన్ని చివరికి ఎక్కడ చూస్తారో ఆ లైటు కింద కూడా ఒకసారి చూడండి. ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి "ఓకేనా" అని అడగొద్దు. ఫోన్ కెమెరా రంగులను తనంతట తానే సర్దేస్తుంది. ప్రింటునే బైక్ మీద పంపించండి.

6. కుదిరాక రాసి పెట్టండి

మెషీన్ పేరు, కాగితం, ట్రే, డ్రైవర్ సెట్టింగులు, చివరి విలువలు అన్నీ ఒక షీటు మీద రాసి, ఓకే అయిన ప్రింటు మీద తేదీ వేసి సంతకం తీసుకోండి. దాన్ని ఎండ తగలకుండా ఫైల్లో పెట్టాలి. సర్వీసు ఇంజినీరు వచ్చి వెళ్లిన ప్రతిసారీ కొత్త ప్రింటు తీసి దాంతో పోల్చండి.

అయినా రాని రంగు ఉంటే, వెలుగు కాస్త తగ్గినా పర్లేదు కానీ ఆ రంగు మరో రంగు వైపు జారకుండా చూసుకోండి. నీలం కాస్త మసకగా ఉంటే ఎవరూ పట్టించుకోరు, ఊదాగా ఉంటే అందరూ అడుగుతారు. రంగు విషయంలో అసలు రాజీ పడలేని లెటర్‌హెడ్లకు నా సలహా ఒకటే. లోగోను స్పాట్ ఇంకుతో చిక్కడపల్లి, నారాయణగూడ వైపు ఏదైనా ఆఫ్‌సెట్ ప్రెస్‌లో కొట్టించుకుని, ఆఫీసులో నల్ల అక్షరాలు మాత్రమే ప్రింటు తీసుకోండి. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఈ కాగితం లేజర్ ప్రింటర్‌లోకి వెళ్తుందని చెప్పి, వేడికి తట్టుకునే ఇంకు అడగండి. పూర్తిగా ఆరాకే ట్రేలో పెట్టండి. లేకపోతే ఆ ఇంకు లోపలి రోలర్లకు అంటుకుని తర్వాతి పేజీలన్నీ పాడవుతాయి.